నీళ్ళు తగలకూడని షీటు

కృష్ణగిరి,
మార్చి 11

పరిమళా,

క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు. అందుకని ఆ మాట వదిలేసి మొదలుపెడుతున్నాను.

నువ్వు పంపిన బండ్ల స్టిక్కర్లకు ఎప్పట్లాగే వేస్టు తీశాను. అక్షరాల చుట్టూ ఉన్న షీటంతా సూదితో లాగేసి పేర్లు మాత్రం ఉంచాను. ఆ చుట్ట మధ్యలో ఈ కాగితం పెట్టి, అట్ట ట్యూబులో పంపుతున్నాను. ట్యూబు విప్పేటప్పుడు పక్కన ఎవరైనా ఉంటే వెంటనే చదవకు.

మన రంజిత వెళ్ళిపోయింది.

పోయిన శుక్రవారం కంప్యూటర్ క్లాసుకని పోయింది. సాయంత్రం ఫోను చేసి, "అమ్మా, నేను ధనశేఖర్‌ని రిజిస్టరు పెండ్లి చేసుకున్నాను. బాగుండాను. నన్ను ఎతకద్దండి" అని పెట్టేసింది. అంతే! ధనశేఖర్ ఎవరు తల్లీ అని అడిగేలోపలే పెట్టేసింది. తరవాత వీళ్ళూ వాళ్ళూ చెప్తే తెలిసింది. అంచెట్టి పక్క గొర్రెలు మేపుకునే వాళ్ళ పిల్లోడంట. హోసూరులో కంపెనీ పనంట. వాళ్ళ కులం వేరు, మన కులం వేరు. అదంతా మగవాళ్ళు తన్నుకోనీ. నాకు మాత్రం ఒకటే మంట. రాత్రి నా పక్కనే పడుకున్న పిల్ల నాతో ఒక్క మాట చెప్పలేదే! నేనేం పులినా, తినేస్తానా?

మీ అన్న పరశురామ్ సంగతి నీకు తెలియనిదేముంది. అరుస్తాడనుకున్నాను. అరవలేదు. పొద్దున్నే బ్లేడు తీసుకొని బాడుగకు తిప్పే మన వ్యాను ముందు అద్దం దగ్గర కూర్చున్నాడు. అక్కడ 'రంజిత' అని పేరుంది కదా, మామ, అదే మీ నాన్న, పోయే ముందు ఏడాది తన చేత్తో వేసింది. మామ నీళ్ళు లేకుండా పొడిగా వేసిన స్టిక్కరు ఊరికే వస్తుందా? గోరంత గోరంత ముక్కలుగా వచ్చింది. మధ్యాహ్నం దాకా గీకి, చెయ్యి కోసుకొని, ఆ నెత్తురు చేత్తోనే లోపలికొచ్చి, "ఈ పొద్దు నుంచి ఈ ఇంట్లో ఆ పేరు ఎవురూ ఎత్తకూడదు" అన్నాడు. నా ఫోను లాక్కొని బీరువాలో పెట్టి తాళం వేశాడు. నన్ను గడప దాటనివ్వడం లేదు.

అందుకే ఈ ఉత్తరం. తెలుగులో రాస్తే నాకు భయం లేదు. ఆయన మాట్లాడేది తెలుగే గానీ చదివింది తమిళ బడి. నువ్వు మీ అమ్మమ్మ ఇంట్లో ఉండి చదువుకోబట్టి, మనిద్దరం హోసూరు తెలుగు బడిలో ఒకే బెంచీ మీద కూర్చోబట్టి ఈ పొద్దు ఇది పనికొచ్చింది. నవ్వొచ్చే సంగతేమిటంటే, బస్సు కండక్టరు తిమ్మయ్యకు ఈ ట్యూబు ఇచ్చేదీ, నువ్వు పంపింది తెచ్చేదీ ఇప్పుడు మీ అన్నే. తన నెత్తిన పెట్టుకొని నా ఉత్తరం తనే మోస్తాడు.

హోసూరులోనే ఎక్కడో ఉంటారు కదా? నీ చెవిన ఏదైనా పడిందా? బతికి ఉందా అని మాత్రం కనుక్కో. నేను అన్నం తిని ఎన్నాళ్ళయిందో నాకే తెలియదు.

సుగంధి

&nbsp;

మూకండపల్లి, హోసూరు,
మార్చి 20

వదినమ్మకు,

నీ ఉత్తరం చదివి నాకు చేతులాడలేదు. రంజితేమిటి, వెళ్ళిపోవడమేమిటి! అయినా నువ్వు అన్నం మానేస్తే ఏమొస్తుంది? పిల్ల చదువుకుంది, వంట వచ్చు, నోరుంది. ఎక్కడున్నా బాగానే ఉంటుంది. నేను విచారిస్తాను. నువ్వు మాత్రం వేళకు తిను.

కొట్టు సంగతులు రాస్తాను, నీకు కాస్త మనసు మళ్ళుతుంది. ఇక్కడ పని ఊపిరాడనివ్వడం లేదు. స్కూలు వ్యాన్లు, కంపెనీ బస్సులు వరస కట్టి నిలబడి ఉన్నాయి. ఒక్కదాన్నే చెయ్యలేక ఒకమ్మాయిని పనిలో పెట్టుకున్నాను. మంచి పిల్ల. ఎడమచేతి వాటం. పని చేసేటప్పుడు నాలుక చివర పళ్ళ మధ్య పెట్టుకుంటుంది. మా నాన్న నాకు నేర్పినట్టే రెండు పద్ధతులూ నేర్పిస్తున్నాను.

నీళ్ళ పద్ధతి తొందరగా పట్టుకుంది. నీళ్ళలో షాంపూ ప్యాకెట్టు కలిపి, బండి మీద స్ప్రే కొట్టి, స్టిక్కరు పెడితే అది తేలుతూ ఉంటుంది. వంకరగా పడితే జరుపుకోవచ్చు, లేపి మళ్ళీ పెట్టుకోవచ్చు. సరిగ్గా కూర్చున్నాక ప్లాస్టిక్ పట్టీతో మధ్యలో నుంచి అంచులకు నీళ్ళు తోసేయాలి. ఆరేదాకా మాత్రం ఓపిక కావాలి. పొడి పద్ధతి దగ్గరే చెయ్యి వణుకుతోంది ఆ పిల్లకు. స్పిరిటుతో తుడిచి, పైన టేపుతో పట్టించి, వెనక కాగితం కొంచెం కొంచెం లాగుతూ దించుకుంటూ రావాలి. తగిలిందంటే తగిలిందే. దిద్దుకునేది లేదు. నిన్న ఒక ఆటోకు వంకరగా వేసి ఏడ్చింది. "నాకు నీళ్ళ పనే ఇష్టం అత్తా, తప్పు చేసినా దిద్దుకోవచ్చు" అంది.

మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే. సాంబారులో వంకాయ ముక్కలన్నీ ఏరి కంచం అంచున పెడుతుంది. ఎంత తిట్టినా తినదు. దస్తూరి మాత్రం ముద్దుగా ఉంటుంది. ఈ ట్యూబు మీద తమిళంలో మీ అడ్రసు రాసింది కూడా ఆమే. ఇకమీదట ఆమే రాస్తుంది.

తిను వదినా. నా మాట విని తిను.

పరిమళ

&nbsp;

కృష్ణగిరి,
మార్చి 29

ఓసి దొంగదానా!

వంకాయ ఏరి పక్కన పెట్టే ఎడమచేతి పిల్ల, నాలుక కొరుక్కునే పిల్ల, నిన్ను అత్తా అని పిలిచే పిల్ల! చదువుతుంటే పొయ్యి మీద పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా నాకు తెలియలేదు. మీ అన్న వచ్చి, "ఏందే, దయ్యం పట్టిందా?" అన్నాడు. కంట్లోకి పొగ పోయిందన్నాను తుడుచుకుంటూ.

ఎంత గుండె నీది! నా ఉత్తరం చదివి నీ ఇంట్లో కూర్చొని, "రంజితేమిటి, వెళ్ళిపోవడమేమిటి" అని రాస్తావా? ఎదురుగా ఉంటే నీ జుట్టు పట్టుకొని వంచి ఉందును. తరవాత నీ కాళ్ళు పట్టుకొని ఉందును.

అడ్రసు దస్తూరి చూద్దామని ట్యూబు తిప్పి తిప్పి చూశాను. ఏమీ లేదు. మీ అన్న ఆ చుట్టు కాగితాన్ని బస్టాండులోనే చింపేస్తాడు, నా చేతికి ఉత్త ట్యూబే వస్తుంది. పోనీలే. పిల్ల ముట్టుకున్న ట్యూబని దాన్నే కాసేపు ఒళ్ళో పెట్టుకున్నాను. పిచ్చిదాన్ని అనుకో.

నిజం చెప్పు. ఎలా ఉంది? వాడు ఎలాంటివాడు? చెయ్యి చేసుకునే రకం కాదు కదా? నా మీద కోపమా? వంకాయ తినకపోతే మాననీ, తిట్టకు.

ఇంకొకటి. పెద్దమామ కేశవప్ప కొడుకులు బైకులేసుకొని హోసూరంతా తిరుగుతున్నారు. పిల్లను కొట్టు ముందు నిలబడనివ్వకు.

ఈ పూట రెండు ముద్దలు తిన్నాను. నీతో చెప్పాలనిపించింది.

సుగంధి

&nbsp;

మూకండపల్లి,
ఏప్రిల్ 12

వదినా,

నా జుట్టు నీ చేతికి ఎప్పుడైనా ఇస్తాను, వచ్చి వంచు. అబద్ధం రాయడం నాకు మాత్రం ఇష్టమా? ఉత్తరం ఎవరి చేతిలోనైనా పడుతుందేమోనని వణికాను.

ఆ శుక్రవారం వాళ్ళు నేరుగా నా దగ్గరికే వచ్చారు. మెడలో పసుపుతాడుతో మన పిల్ల నా గడపలో నిలబడింది. "యాడికి పోవాల్నో తెలీలేదు అత్తా" అంది. ఆ మాటకు నేను తలుపు వేసుకోగలనా? పైన రేకుల గది ఇచ్చాను. ధనశేఖర్ నెమ్మదస్తుడు. షిఫ్టు నుంచి రాగానే బిందెలతో నీళ్ళు పైకి మోస్తాడు, గిన్నెలు తోముతాడు. మా ఆయన చూసి, "ఈ పిల్లోడు నా పరువు తీస్తాడే" అన్నాడు.

నీ మీద కోపం లేదు. నీ ఉత్తరం చదివి వినిపించాను. "నేనేం పులినా" అన్న మాట దగ్గర నవ్వింది, తరవాత ఏడ్చింది. "అమ్మకు చెప్పింటే నాయన అమ్మను తప్పు పట్టేవాడు. అందుకే చెప్పలేదు" అంది. అదీ సంగతి. నీ మంట ఇకనైనా తగ్గించుకో.

ఇప్పుడు లోపలి గదిలోనే పని చేస్తోంది. కొట్టు ముందుకు రానివ్వను. అన్న కోపం ఎన్నాళ్ళుంటుంది? ఒక్కగానొక్క బిడ్డ. ఎప్పటికైనా ఆ ఇంటికి పోతుంది. నాకు ఆ నమ్మకం ఉంది.

పరిమళ

&nbsp;

కృష్ణగిరి,
మే 6

పరిమళా, పరిమళా,

నీ నమ్మకం మంటల్లో పెట్టు. ఈ రాత సరిగ్గా ఉందో లేదో చూసుకోలేను.

నిన్న పెద్దమామ ఇంట్లో మన వాళ్ళంతా కూర్చున్నారు. ఆడవాళ్ళం వంటింటి గుమ్మంలో ఉన్నాం. కేశవప్ప మామ చెప్పిన మాట విను. "పరశురామా, నీ కూతురు చచ్చిపోయిందని నువ్వే చెప్పల్ల. నోటితో చెప్తే చాలదు. కన్నీరంజలి వేయించు. బండి ఎనక అద్దం నిండా ఫోటో వేయించి ఊరంతా తిప్పు. అప్పుడే మాకు నీతో రాకపోకలు. లేకుంటే ఈ పొద్దుతో నీ బండి మనవాళ్ళ పెండ్లికీ రాదు, సావుకీ రాదు" అన్నాడు.

ఎక్కడైనా విన్నావా! ఆ శ్రద్ధాంజలి ఫోటో చచ్చినవాళ్ళకు వేస్తారు. తండ్రి పోతే కొడుకులు బండికి వేసుకుంటారు, స్నేహితుడు పోతే కుర్రవాళ్ళు బైకులకు వేసుకుంటారు. నీ కొట్టులో నువ్వు ఎన్ని వేశావో. బతికున్న పిల్లకా? మీ ఇంట్లో సాంబారు తింటున్న పిల్లకా?

మీ అన్న వద్దంటాడని చూశాను. నేల చూపులు చూస్తూ, "సరే పెదనాయనా" అన్నాడు. సరే! ఆ ఒక్క మాటే! నేను గుమ్మంలోనే కూలబడ్డాను. ఎవరో నీళ్ళు చల్లారు.

ఈ పొద్దు గోడ మీదున్న ఫోటో తీసుకుపోయాడు. పోయినేడు మామిడి ఎగ్జిబిషన్లో తీయించుకుంది, పచ్చ ఓణీలో పళ్ళన్నీ కనబడేలా నవ్వుతుంది చూడు, అది. కాళ్ళకు అడ్డం పడ్డాను. దాటుకొని పోయాడు. ఇక్కడే ప్రింటు వేయిస్తున్నాడు. పుట్టిన తేదీ, పోయిన తేదీ. పోయిన తేదీ అంటే ఇల్లు వదిలిన ఆ శుక్రవారం. అతికించడానికి మాత్రం నీ దగ్గరికే తెస్తాడంట. "మా చెల్లెలు పొడిగా వేసిందంటే జన్మకీ ఊడదు" అని అందరి ముందూ చెప్పాడు.

కడుపున మోసింది నేను. తొమ్మిది నెలలు మోసినదాన్ని ఒక కాగితం వేసి చంపేస్తారా? ఒక్కసారి ఆ బండి ఊరు తిరిగిందంటే నా బిడ్డ మళ్ళీ ఈ వీధిలో కాలు పెట్టలేదు. ఏదో ఒకటి చెయ్యి పరిమళా.

సుగంధి

&nbsp;

మూకండపల్లి,
మే 9

వదినా,

అన్న ఫోను చేశాడు. వచ్చే ఆదివారం వస్తాడంట, కేశవప్ప పెదనాయన కూడా వస్తాడంట. నేను సరే అన్నాను.

రంజితకు చెప్పకుండా దాచాలని చూశాను, నా మొఖం చూసి పట్టేసింది. విని ఏమందో తెలుసా? "యా ఫోటో అత్తా? పచ్చ ఓణీదా? అది నాయనే తీసినాడే" అంది. ఏడ్చినా బాగుండేది.

వెయ్యనని చెప్పవచ్చు. చెప్తే ఏమవుతుంది? ఇంకో కొట్టుకు పోతారు, వాడెవడో శుభ్రంగా పొడిగా వేసి పంపుతాడు. అందుకని ఇంకొకటి ఆలోచించాను.

వెనక అద్దానికి వేసేది వన్‌వే షీటు. దానికి వేస్టు తీసే పని లేదు కాబట్టి నువ్వు చూసి ఉండవు. ఒళ్ళంతా సన్న సన్న చిల్లులుంటాయి. బయటి నుంచి చూస్తే బొమ్మ, లోపల కూర్చుంటే అద్దం మామూలుగానే కనబడుతుంది. దాన్ని పొడిగానే వెయ్యాలి. నీళ్ళు తగలకూడదు. తగిలితే ఆ చిల్లుల్లో నీళ్ళు నిలిచిపోతాయి, షాంపూ జిగురును చంపేస్తుంది. వేసినప్పుడు నున్నగానే ఉంటుంది. నాలుగు ఎండలు కాసి ఒక వాన పడితే అంచులు లేచి మొత్తం ఊడిపోతుంది. మా నాన్న ఈ ఒక్క షీటు దగ్గరికి నీళ్ళ బాటిల్ రానిచ్చేవాడు కాదు.

నేను నీళ్ళతో వేస్తాను వదినా.

పెదనాయనకు ఇవేవీ తెలియవు. కానీ అన్నకు తెలుసు. చిన్నప్పుడు సెలవుల్లో ఇద్దరం నాన్న దగ్గరే నేర్చుకున్నాం. వన్‌వే షీటు మీద నీళ్ళు కొట్టి అన్న ఒకసారి చెంప పగలగొట్టించుకున్నాడు, నాన్న చేత. అది మరిచిపోయి ఉండడు. నా చేతిలో స్ప్రే బాటిల్ చూశాడంటే అక్కడే దొరికిపోతాను. పెదనాయన ముందు దొరికితే, పిల్ల ఎక్కడుందో కూడా బయటపడుతుంది.

ఏం చెయ్యమంటావు? నువ్వు చెప్పినట్టే చేస్తాను.

పరిమళ

&nbsp;

కృష్ణగిరి,
మే 13

నీళ్ళే వెయ్యి.

పట్టుకుంటే నా పేరు చెప్పు. మా వదిన వెయ్యమంది, నేను వేశాను అను. తంతే నన్నే తంతాడు. అంతకంటే ఏం చేస్తాడు, నన్ను కూడా ఫోటో వేసి అద్దానికి అతికిస్తాడా?

పిల్లను ఆ ఆదివారం హోసూరులో ఉంచకు. ధనశేఖర్‌తో వాళ్ళ అంచెట్టికి పంపు. బస్సులు తక్కువ కాబట్టి శనివారమే బయలుదేరమను. దాని చెప్పులు, బట్టలు, ఏవీ కనబడకుండా చూడు.

ఇంతకంటే రాయలేను.

సుగంధి

&nbsp;

మూకండపల్లి,
మే 20

వదినా,

మూడు రోజులుగా కాగితం ముందు కూర్చొని లేస్తున్నాను. నా కళ్ళతో చూసింది నేనే నమ్మలేకపోతున్నాను, నీకు ఎలా రాయను?

ఆదివారం పొద్దున్నే వచ్చారు. పెదనాయన కొట్టు ముందే కుర్చీ వేయించుకొని కూర్చున్నాడు. అన్న గడ్డం పెంచి, నల్లబడిపోయి ఉన్నాడు. నన్ను చూసి నవ్వలేదు. షీటు చుట్ట నా చేతిలో పెట్టి వీధంతా వినబడేలా, "పొడిగా వెయ్యి పరిమళా. జన్మకీ ఊడకూడదు" అన్నాడు.

విప్పాను. అయ్యో వదినా, ఎంత పెద్ద ఫోటో! ఆ పళ్ళు, ఆ నవ్వు. కింద నల్లటి అక్షరాలు, కన్నీరంజలి. రెండు తేదీలు. నా చేతుల్లో ఎంతమంది ఫోటోలు అతికించి ఉంటానో, ఒక్కసారీ చెయ్యి వణకలేదు. ఆ పొద్దు టేపు కూడా చించలేకపోయాను. అద్దం కడిగాను. ఒకసారి తుడిచాను, మళ్ళీ తుడిచాను. పెదనాయన, "ఎంతసేపమ్మా తుడిచేది" అన్నాడు. ఇక లాభం లేదని షాంపూ నీళ్ళ బాటిల్ చేతిలోకి తీసుకున్నాను.

అన్న నా పక్కనే ఉన్నాడు. బాటిల్ వైపు చూశాడు. నా మొఖం వైపు చూశాడు. వదినా, నా ప్రాణం అక్కడే పోయిందనుకో. చెయ్యి చాచి ఆ బాటిల్ నా చేతిలో నుంచి లాక్కున్నాడు. విసిరేస్తాడు, నన్ను కొడతాడు, అంతా అయిపోయిందనుకొని కళ్ళు మూసుకున్నాను.

చుస్ చుస్ మని శబ్దం. కళ్ళు తెరిచి చూస్తే అన్న అద్దం మీద నీళ్ళు కొడుతున్నాడు! అద్దం మీద కొట్టి, షీటు వెనక జిగురు మీద కొట్టి, మళ్ళీ అద్దం మీద కొట్టి, నీళ్ళు బంపరు మీదుగా కారి నేల తడిసిపోయేలా కొట్టాడు. పెదనాయన కుర్చీలో నుంచి, "నీళ్ళు ఎందుకప్పా?" అని అడిగాడు. అన్న వెనక్కి తిరక్కుండానే, "పెద్ద సైజు పెదనాయనా. నీళ్ళు లేకుంటే ముడతలొస్తాయి" అన్నాడు.

అద్దం మీద పెట్టి, తనే ప్లాస్టిక్ పట్టీ పట్టుకొని నీళ్ళు తోశాడు. మధ్యలోనే తోశాడు వదినా, అంచులు గట్టిగా నొక్కలేదు. మొఖం మీద మాత్రం పట్టీ ఆనించలేదు. అక్కడ అరచేత్తో నెమ్మదిగా అద్దాడు. స్నానం చేయించిన పసిబిడ్డ తల తుడిచినట్టు. నేను ఇవతలికి తిరిగి కొంగు నోట్లో కుక్కుకున్నాను. అన్న మాత్రం పైకి రాయిలానే ఉన్నాడు. పని అయ్యాక పెదనాయన వచ్చి చూసి, "బాగుండాది" అన్నాడు. చచ్చిందని వేసిన ఫోటో బాగుందంట!

పోతూ పోతూ అన్న బండిలో నుంచి ఒక గంప దించాడు. సెందూర మామిడిపండ్లు. నాకు షుగరు, మా ఆయనకు మామిడి పడదు. ఇద్దరి సంగతీ అన్నకు బాగా తెలుసు. "ఇవి ఎవరికి, అన్నా?" అన్నాను. "మెత్తబడక ముందే ఇయ్యి" అన్నాడు. ఎవరికి ఇవ్వాలో చెప్పలేదు. పైన రేకుల గది వైపు ఒకసారి చూసి బండెక్కాడు.

నువ్వేమైనా చెప్పావా వదినా? నిజం రాయి. నువ్వు చెప్పకపోతే మరి ఎలా తెలిసింది? నాకు భయంగానూ ఉంది, ఇంకేదో గానూ ఉంది. పండ్లు అంచెట్టికి పంపాను. పిల్ల గంప ముందు కూర్చొని ఒక్క పండు కూడా కొరకకుండా వాసన చూస్తూ కూర్చుందంట.

పరిమళ

&nbsp;

కృష్ణగిరి,
జూన్ 27

పరిమళా,

నీ ఉత్తరానికి జవాబు రాయకుండా ఇన్నాళ్ళు ఎందుకున్నానంటే, నాకే ఏమీ అర్థం కాలేదు. ఒట్టేసి చెప్తున్నాను, నేను ఒక్క మాట చెప్పలేదు. అంతా ఇప్పుడు తెలిసింది.

ఆ బండి నెల దాటి ఊరంతా తిరిగింది. నేను దాని వెనక్కి ఒక్కసారీ పోలేదు. ముందు నుంచే ఎక్కేదాన్ని, ముందు నుంచే దిగేదాన్ని. మొన్న ఆదివారం పెద్దమామ మనవడికి తల వెంట్రుకలు తీయించడానికి అందరం బయలుదేరాం. కావేరిపట్నం దాటగానే వాన పట్టుకుంది. ఏం వాన! వెనక సీట్లో పిల్లలు, "పోయింది, పోయింది!" అని అరిచారు. తిరిగి చూస్తే అంచులన్నీ లేచి షీటు గాలికి టపటపా కొట్టుకుంటోంది. చూస్తుండగానే మొత్తం ఊడి, రోడ్డు మీద పల్టీలు కొట్టుకుంటూ ఒక లారీ కిందికి పోయింది.

పెద్దమామ, "బండి ఆపరా!" అన్నాడు. మీ అన్న ఆపలేదు. గుడి దగ్గర దిగాక అందరి ముందూ, "రేపే ఇంకోటి వేయించు. ఈసారి నేను దగ్గరుండి సూస్తా" అన్నాడు పెద్దమామ.

అప్పుడు మీ అన్న నోరు తెరిచాడు పరిమళా. "పెదనాయనా, నువ్వు సెప్పినావని ఒకసారి నా బిడ్డను నా సేతులారా సంపినాను. ఇంకోసారి సంపేదానికి నా సేతిలో సత్తువ లేదు. నా బండి ఎవురూ ఎక్కద్దండి. నడిచి పోతారో, బస్సులో పోతారో మీ ఇష్టం" అన్నాడు. నా చెవులను నేనే నమ్మలేదు. అందరినీ అక్కడే వదిలేసి, నన్నొక్కదాన్నే ఎక్కించుకొని ఇంటికొచ్చాడు. వెనక అద్దంలో నుంచి రోడ్డు తళతళమని కనబడుతోంది.

ఆ పొద్దు నుంచి ఇంటికి ఎవరూ రావడం లేదు. రాకపోనీ.

నిన్న నేను వేస్టు తీస్తూ కూర్చుంటే వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. బీరువా తాళం తీసి ఫోను నా ఒళ్ళో పెట్టాడు. తరవాత ట్యూబు వైపు చూపించి, "కాగితం పెట్టినావా?" అన్నాడు.

ఏం కాగితం అన్నాను. చొక్కా జేబులో నుంచి మడిచిన కాగితాలు తీసి నా ముందు పరిచాడు. ట్యూబు మీద చుట్టిన అడ్రసు కాగితాలు! చింపి పారేస్తాడనుకున్నానే, ఒక్కటీ పారేయలేదు. అన్నీ దాచాడు. "ఇది ఎవురి రాత? మొదటి ట్యూబు బస్సులోంచి దించినప్పుడే తెలిసింది. ఈ రాతకు పలకా బలపం కొనిచ్చింది నేను కదా" అన్నాడు. పిల్ల నీ ఇంట్లో ఉందని మార్చిలోనే తెలుసంట! తెలిసి కూడా పెద్దమామ కొడుకులు మళ్ళీ హోసూరు పోతామంటే, "సేలం పక్క సూసినామని ఎవురో సెప్పినారు" అని అటు తిప్పి పంపాడంట. ఆయన్ను నాలుగు మాటలు తిట్టాలని నోరు తెరిచాను. ఏడుపే వచ్చింది.

ఫోను చేతికొచ్చింది కదా, ఇప్పుడే పిల్లతో మాట్లాడండి అన్నాను. తల అడ్డంగా ఊపాడు. "ఫోనులో నాకు మాట రాదు. నువ్వు రాస్తా ఉండావు కదా, నాది కూడా రాయి. ఏం రాసినావో నాకు సదవను రాదు, ఉన్నది ఉన్నట్టు రాయి" అన్నాడు. ఆయన చెప్పింది చెప్పినట్టే కింద రాస్తున్నాను. పిల్లకు చదివి వినిపించు.

"ముందర అద్దానికి పేరు లేదు, బోసిగా ఉండాది. రంజిత అని స్టిక్కరు కోయమను. ఆ పిల్లనే కోయమను. మొగుడ్ని ఎంటబెట్టుకొని వచ్చి ఆ పిల్లే వెయ్యల్ల. సెయ్యి వణికితే నేను పట్టుకుంటా. నీళ్ళు వద్దు. పొడిగా వెయ్యమను."

సుగంధి